ఏనుగుకు డిప్పర్ కొట్టిన మనిషి

సటారా క్యాంపు, క్రూగర్ పార్క్,
దక్షిణాఫ్రికా.
సోమవారం సాయంత్రం.

కరుణక్కకు ఖమర్ సుల్తానా సలాములు.

ఈ ఉత్తరం మా ఆయన పక్కనే కూర్చుని, ఆయన చూస్తుండగానే రాస్తున్నాను. భయమేమీ లేదు. ఇక్రాముద్దీన్ సాబ్‌కు ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, అరబ్బీ బోర్డులు చదవడం వచ్చు. తెలుగు మాత్రం మాట్లాడటమే గానీ అక్షరం ముక్క రాదు. మెట్‌పల్లిలో ఉర్దూ మీడియం చదివిన పుణ్యం. నేను కోరుట్ల తెలుగు బడిలో పదో తరగతి దాకా పద్యాలు బట్టీ పట్టింది ఇందుకోసమేనేమో. "ఏం రాస్తున్నవ్?" అని ఇప్పుడే అడిగాడు. "కరుణక్క మటన్ పులుసు అడిగింది, ఎట్ల చేసుడో రాస్తున్న" అన్నాను. "మిరియాలు మరవకు" అన్నాడు. కాబట్టి అక్కా, మిరియాలు.

ఫోన్ చేస్తే ఆయన చెవి రెండడుగుల దూరంలో ఉంటుంది. అందుకే కాగితం మీద రాసి, క్యాంపు ఆఫీసు దగ్గర వైఫై దొరకగానే ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే రాయి.

అసలు విషయం ఇంకా చెప్పలేదు. ఏడు రోజులు అయిపోయాయి, మూడు మిగిలాయి. నా డ్రైవింగ్ లైసెన్సు ఇంకా నా సంచిలోనే, మగవాళ్ళు చచ్చినా తెరవని ఆ నెలసరి ప్యాకెట్‌లో భద్రంగా ఉంది. "పద్దెనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి ఇద్దరే వెళ్తున్నారు, అడవిలో మనసు మెత్తబడుతుంది, అప్పుడు చెప్పు" అని నువ్వు నూరిపోసి పంపావు. మెత్తబడటం లేదక్కా. కారు అద్దెకిచ్చే చోట ఆ పిల్ల "రెండో డ్రైవర్ ఉన్నారా?" అని అడిగితే, జోకు విన్నట్టు నవ్వాడు.

ఆదివారం మీ క్లినిక్‌లో చేరాలంటే ఈలోగా చెప్పి తీరాలని తెలుసు. ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళ రక్తం తీసే పని, కారు మనమే నడుపుకోవాలి. ఆ ఉద్యోగం నా కోసమే పుట్టింది. షిఫా కడుపులో పడ్డప్పుడు ల్యాబ్ పని మానేశాను, ఇప్పుడు దానికి పదిహేనేళ్ళు. మళ్ళీ చేస్తానన్న ప్రతిసారీ ఆయన మాట ఒకటే, "ఎవరు దింపాలె, ఎవరు తేవాలె?" నేనే నడుపుకుంటానని మొదలుపెడితే మాట పూర్తికాకముందే లేచిపోతాడు. పంతొమ్మిదేళ్ళుగా, దెబ్బతిన్న కార్లను లాక్కెళ్ళే రికవరీ బండి నడిపే మనిషి, భార్య చేతికి స్టీరింగ్ ఇవ్వడం చిన్నతనం అనుకుంటాడు కాబోలు.

ఇవాళ జరిగింది విను. ఇక్కడ స్టీరింగ్ కుడివైపు, నడపడం రోడ్డుకు ఎడమవైపు, మనం ఉండే దోహాకు పూర్తిగా తిరగేసి. ఆయన ఇండికేటర్ వేయబోతే వైపర్ తిరుగుతుంది. వాన చుక్క లేని చలికాలంలో ఏడు రోజులుగా అద్దాలు తుడుచుకుంటూ తిరుగుతున్నాం. ముందు కారు ఇరవైలో పోతుంటే, అక్కడి సల్వా రోడ్డులో ఉన్నాననుకుని వెనకనుంచి హెడ్‌లైట్లు మెరిపించి డిప్పర్ కొట్టాడు, నాలుగుసార్లు. దోహాలో దాని అర్థం "జరుగు" అని. ఇక్కడేమో "జంతువు కనబడింది, ఆగు" అనుకున్నారు. ఆ కారు ఆగింది. అందులోని ముసలాయన అద్దం దించి ఎంతో ఆశగా, ఏం చూశారని అడిగాడు. "ఏమీ లేదు, తప్పుకోమన్నాను" అనడానికి మా ఆయనకు నోరు రాలేదు. పక్కనున్న పొద వైపు వేలు చూపించి "లెపర్డ్" అన్నాడు.

పావుగంటలో పదకొండు కార్లు పోగయ్యాయి. క్యాంపు ఆఫీసు ముందు, ఏ జంతువు ఎక్కడ కనబడిందో రంగుబిళ్ళలు అతికించే మ్యాపు ఉంది. సాయంత్రానికి మన పొద మీద చిరుతపులి బిళ్ళ వెలిసింది. ముసలాయన భార్య వచ్చి, తమకు తోక కనబడిందని చెప్పి, బిస్కట్ల డబ్బా ఒకటి ఈయన చేతిలో పెట్టింది. తీసుకున్నాడు. తిన్నాడు కూడా. ఇప్పుడు నాతోనే "ఏమో, నిజంగనే ఉండెనేమో" అంటున్నాడు. ఇలాంటి మనిషికి నిజం చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నీ ఇంట్లో ఉన్న షిఫా జాగ్రత్త. పరీక్షలని చెప్పి నీ ఫోన్‌తో ఆడుకుంటుంది.

నీ
ఖమర్

*

అల్ అజీజియా, దోహా.
మంగళవారం మధ్యాహ్నం.

అమ్మాయ్ ఖమర్, దీవెనలు.

మీ చిరుతపులి కథ క్లినిక్‌లో భోజనాల దగ్గర చదువుకుని నవ్వితే, అన్నం పొలమారి పక్కనున్న ఫిలిప్పీన్స్ నర్సు నా వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది. షిఫా బాగుంది. నిన్న సైన్సు పరీక్ష రాసింది. నా చేపల పులుసు రెండుసార్లు వేయించుకుని, మా అమ్మకు చెప్పొద్దు ఆంటీ అంది. అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు నేనొక సంగతి చెబుతాను, కోప్పడకు. కోప్పడినా నువ్వు ఆఫ్రికాలో ఉన్నావు, నన్నేం చేయలేవు.

నిన్న మా మేనేజర్ యాస్మీన్ మేడమ్ ఆ ఉద్యోగానికి ఇంకొకామె కాగితాలు కూడా ముందేసుకుంది. ఆమెకు దోహాలో ఆరేళ్ళు కారు నడిపిన అనుభవం ఉందట. "మీ ఖమర్ లైసెన్సు ఏడు నెలలదే కదా, అనుభవం ఏదీ?" అంది మేడమ్. నా నోటి సంగతి నీకు తెలుసు. మా పాలకొల్లులో కూడా ఈ నోటితోనే నెట్టుకొచ్చాను. "అనుభవమా మేడమ్, ఆమె ఇప్పుడు ఆఫ్రికా అడవిలో, సింహాల మధ్య, రోజుకి వంద కిలోమీటర్లు తనే నడుపుతోంది" అనేశాను. అనేశాక నాకే గర్వంగా అనిపించింది.

మేడమ్ కళ్ళు పెద్దవి చేసుకుని, అయితే స్టీరింగ్ దగ్గర కూర్చున్న ఫొటో ఒకటి గురువారం లోపల పంపమను, పైవాళ్ళకు చూపించి ఆదివారమే చేర్చుకుంటాను అంది. పంపకపోతే ఆ రెండో ఆమెకే.

కనక తల్లీ, గురువారం సాయంత్రం లోపల నువ్వు స్టీరింగ్ పట్టుకోవాలి. ఎలా పట్టుకుంటావో నీ ఇష్టం. మీ ఆయనకు కడుపునొప్పి వచ్చేట్టు ఏదైనా పెట్టమని నేను చెప్పను, నేను నర్సుని. కానీ పెరుగు పుల్లబడితే మన తప్పు కాదు.

ప్రేమతో,
కరుణమ్మ

*

లోయర్ సాబీ క్యాంపు.
మంగళవారం సాయంత్రం.

కరుణక్కా,

నమ్మి నా బిడ్డను నీ ఇంట్లో పెడితే, నువ్వు నన్ను తీసుకెళ్ళి సింహాల మధ్య పెట్టావు. కోపం వచ్చింది. తర్వాత ఆ ఫొటోలో నేనెలా ఉంటానో అని కూడా ఆలోచించాను. ఆ రెండో ఆలోచనే కొంప ముంచింది.

పొద్దున దారిలో మెత్తగా అడిగి చూశాను. "చేతులు నొస్తున్నయేమో, జర్రసేపు నేను పట్టుకోనా?" అన్నాను. "పట్టుకో, ఇగో నా చాయ్ పట్టుకో" అని ఫ్లాస్కు మూత నా చేతికిచ్చాడు. నలభై కిలోమీటర్లు చాయ్ పట్టుకున్నాను.

పదింటికి ఒక పిక్నిక్ స్థలం దగ్గర ఆగాం. ఈ పార్కులో ఇలాంటి చోట్ల తప్ప కారు దిగకూడదు. ఆయన కళ్ళద్దాలు తీసి స్టీరింగ్ ముందు పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను గబగబా అటువైపు వెళ్ళి ఆయన సీట్లో కూర్చున్నాను. కారు కదలకపోతేనేం, ఫొటోలో కదలిక కనబడదు కదా అనుకున్నాను. ఫోన్ పైకెత్తి, బుర్ఖా సర్దుకుని, అనుభవం ఉన్నదానిలా మొహం పెడుతుంటే, నేను తెరిచి వదిలేసిన ఎడమ తలుపులోంచి కోతి ఎక్కింది.

అరటిపళ్ళు అక్కడే ఉన్నాయి. వాటిని చూడను కూడా చూడలేదు. కళ్ళద్దాలు తీసుకుని చెట్టెక్కింది. ఫొటోలో నా నోరు, దాని తోక వచ్చాయి. మీ మేడమ్‌కు పనికిరాదు.

ఆయన వచ్చేసరికి నేను నా సీట్లో ఉన్నాను. కిటికీ ఆయనే తెరిచి వెళ్ళాడని చెప్పాను. నమ్మాడు. ఇంట్లో ఫ్రిజ్ మీదున్న జత తప్ప వేరే కళ్ళద్దాలు లేవు. "ఎట్ల నడుపుతవ్?" అంటే "దూరం నాకు మంచిగనే కనవడ్తది, అయ్యి ఊకె పెట్టుకున్న" అన్నాడు. అక్కా, ఆ తర్వాత ఆయన ఒక బండరాయిని ఖడ్గమృగమని చెప్పి పది నిమిషాలు ఆగాడు. మాట్లాడకుండా నేనూ చూశాను. తప్పు నాది కదా.

నవ్వుతూ రాస్తున్నాను గానీ భయంగా ఉంది. రేపంతా ఆయనే నడుపుతానంటున్నాడు.

ఖమర్

*

అల్ అజీజియా.
బుధవారం పొద్దున.

ఖమర్,

ఈసారి నవ్వలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఫొటో సంగతి వదిలెయ్. యాస్మీన్ మేడమ్‌కు నేనే చెబుతాను, నా నోటిదూలతో అన్నానని. ఉద్యోగం ఇవ్వకపోతే పోనీ. చూపు ఆనని మనిషి పక్కన కూర్చుని, లైసెన్సు సంచిలో దాచుకుని తిరగడం అల్లరి కాదమ్మా, ప్రమాదం. నిన్ను అల్లరికి ఎగదోసింది నేనే. నీకేమైనా అయితే షిఫా మొహం ఎలా చూడను?

ఆస్పైర్ పార్కు దగ్గర ఖాళీ పార్కింగ్‌లో మొదటిసారి నా కారెక్కిన రోజు స్టీరింగ్ ఎంత గట్టిగా బిగించి పట్టుకున్నావో నాకు గుర్తుంది. వెనక్కి తీసే పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి నెగ్గి, బయటికొచ్చి నా భుజం మీద ఏడ్చావు. అంత కష్టపడింది ఫొటో కోసం కాదు. నాకు నడపడం వచ్చు అని మీ ఆయనకు చెప్పెయ్. ఇవాళే. తిడితే తిట్టనీ.

కరుణమ్మ

*

లోయర్ సాబీ క్యాంపు.
బుధవారం సాయంత్రం.

కరుణక్కా,

నీ ఉత్తరం పొద్దునే అందింది. మధ్యాహ్నం చెబుదామనుకున్నాను, చాయ్ తాగాక చెబుదామనుకున్నాను. నాలుగున్నరకు ఇంక చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

మట్టిరోడ్డు మీద క్యాంపుకు తిరిగి వస్తున్నాం. మలుపు తిరగగానే రోడ్డు మధ్యలో ఏనుగు నిలబడి ఉంది. ఒంటరి మగ ఏనుగు, రోడ్డుకు అడ్డంగా. నేను సీటు బెల్టు పట్టుకున్నాను. మా ఆయన మాత్రం విసుక్కున్నాడు. "ఎవడు వీడు, ట్యాంకర్ తెచ్చి నడిమిట్ల పెట్టిండు" అని, ఏనుగుకు డిప్పర్ కొట్టాడు.

నాలుగుసార్లు.

ఏనుగు మా వైపు తిరిగింది. చెవులు విప్పింది. "ట్యాంకర్ కాదు, ఏనుగు" అన్నాను. "నాకు తెల్వదా ఏనుగని" అన్నాడు, కానీ లైట్ల మీద నుంచి చేయి తీసేశాడు. వెనక్కి తీయమన్నాను. మెడ తిప్పి వెనక్కి చూశాడు, అద్దంలో చూశాడు, మళ్ళీ వెనక్కి చూశాడు. "ఖమర్, నాకేం కనవడ్తలేదు" అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారి. నాకు ఏనుగు భయం పోయి ఆయన మీద జాలి కలిగింది.

"ఇటు జరుగు" అన్నాను. "ఏడికి?" అన్నాడు. "నా సీట్లకు. యల్లా, జల్ది."

కారు దిగే వీల్లేదు. కాబట్టి లోపలే మారాలి. ఆయన తొంభై రెండు కిలోలు, నేను చెప్పను. ఆయన గేరు మీదుగా ఇటు దొర్లాడు, నేను ఆయన మీదుగా అటు పాకాను. మధ్యలో నా బుర్ఖా హ్యాండ్‌బ్రేకుకు, ఆయన బెల్టు నా సంచికి తగులుకున్నాయి. పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం ఇంత దగ్గరగా ఎప్పుడూ ఇరుక్కోలేదు. ఎవరి మోచేయో హారన్ మీద పడింది. నాదే అనుకుంటాను. ఏనుగు ఇంకో నాలుగడుగులు వేసింది.

తర్వాత నాకేమీ వినబడలేదు, నీ మాట తప్ప. "అద్దం చూడు, చెయ్యి బిగించకు, తొందరేం లేదు" అంటావే, అదే. వెనక్కి తీశాను. రెండు వందల మీటర్లు ఉంటుంది. పక్కదారి కనబడగానే వెనక నుంచే అందులోకి తిప్పి ఆపాను. ఏనుగు అక్కడిదాకా వచ్చి, కొమ్మ ఒకటి విరుచుకుని, మేమెవరమో తెలియనట్టు తన దారిన పోయింది.

ఆయన బెల్టు సర్దుకుని అడిగాడు. "ఎవరు నేర్పిండ్రు?"

"కరుణక్క."

"లైసెన్సు?"

సంచిలోంచి ఆ ప్యాకెట్ తీశాను. "అరె, గది నా ముంగట తీస్తవేంది" అని మొహం పక్కకి తిప్పుకున్నాడు. అందులోంచి లైసెన్సు తీసి ఆయన చేతిలో పెట్టాను. కళ్ళ దగ్గరకు తెచ్చుకుని తారీఖు చదివాడు. నేను ఆగలేదు. ఉద్యోగం, ఫొటో, కోతి, అన్నీ చెప్పేశాను. ఆయన విని, లైసెన్సు నా ఒళ్ళో పెట్టాడు. క్యాంపుదాకా నేనే నడిపాను. ఇప్పుడు గది బయట కూర్చుని నది చూస్తున్నాడు. ఆయనకు నది కనబడుతోందో లేదో తెలియదు.

మేడమ్‌కు చెప్పేస్తే చెప్పెయ్. ఉద్యోగం పోతే ఏడుస్తాను, అబద్ధమెందుకు. కానీ ఆయన ఇలా మాట్లాడకుండా ఉంటే ఇంకా ఎక్కువ ఏడుస్తాను.

ఖమర్

*

లోయర్ సాబీ క్యాంపు.
గురువారం పొద్దున.

కరుణ సిస్టర్‌కు ఇక్రాముద్దీన్ సలాం.

నేను చెప్తున్న, నా భార్య రాస్తున్నది. నేను ఎట్ల చెప్తే అట్లనే రాయాలన్న. (అలాగే రాస్తున్నాను అక్కా. బ్రాకెట్లలోవి నావి, ఆయనకు తెలియవు.)

నిన్ను మంచిదానివనుకున్న. మా ఇంట్ల బిర్యానీ తిని, నా ఎనుకకెళ్ళి నా భార్యకు బండి నేర్పినవ్. ఏడు నెలల సంది లైసెన్సున్నదట. ఏడు నెలలు, సిస్టర్. ప్రతి శుక్రవారం సబ్జీ మార్కెట్‌కు నేనే తీస్కపోయిన. ఇంటికొచ్చినంక కొత్తిమీర మరిచిపోయిన అంటే, ముఐథర్‌ల మా ఇంటి నుంచి మళ్ళ నేనే పోయిన. రెండు కట్టల కొత్తిమీరకు. గది మాత్రం నేను మాఫ్ చెయ్య. (రాత్రి నుంచి కోపమంతా కొత్తిమీర మీదే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.)

నా ఐనక్ కోతికిచ్చింది గూడ ఈమెనే. రాయి. (రాశాను.)

ఇగ అసల్ మాట. గుద్దుకున్న కార్లను ఇండస్ట్రియల్ ఏరియాకు గుంజుకపోవుడు నా డ్యూటీ. చాన ఏండ్ల కింద ఒక చిన్న కారు. మనుషులను అంబులెన్స్ తీస్కపోయింది. నేను కారు ఎక్కించుకునేటప్పుడు ఆడమనిషి చెప్పు ఒకటి పెడల్ కింద ఇరికి ఉండె. ఆమె బతికిందా లేదా నాకు తెల్వదు. మాకెవ్వరు చెప్పరు, కారు దించి కాయితం మీద సంతకం పెట్టుడే. గా దినం సంది డ్యూటీ కెళ్ళి రాంగనే తలుపు కాడ ఖమర్ చెప్పులు రెండున్నయా అని చూస్త. బండి నడుపుత అన్నప్పుడల్ల నాకు గదే కనవడ్తది. చెప్తే భయపడ్తదని చెప్పలే. లేచి పోతుంటి.

(నాకు తెలియదు అక్కా. ఇన్నేళ్ళుగా వచ్చీరాగానే వంగి నా చెప్పులు పక్కపక్కన పెడుతుంటే, శుభ్రం ఎక్కువ అనుకుని విసుక్కున్నాను కూడా. చిన్నతనం అనుకుంటాడని నీకు రాశాను చూడు, ఆ మాట కొట్టెయ్. ఇక్కడ కాసేపు రాయలేకపోయాను. "ఏమైంది?" అన్నాడు. పెన్ను రాయడం లేదన్నాను.)

నిన్న ఈమె ఎనుకకు నడిపింది. నాకు కండ్లు కనవడలే గని, బండి ఎట్ల పోతున్నదో నడుముకు తెలుస్తది. సీదా పోయింది. మా వర్క్‌షాప్‌ల షోయబ్ పదేండ్ల డ్రైవర్, వాడు గూడ గంత సీదా పోడు. నాకింత మంచిగ నడుపుడు రాదని కాదు. (రాదు.) పొద్దుగాల కార్ కిరాయి ఆఫీసుకు ఫోన్ చేసి రెండో డ్రైవర్ కింద ఈమె పేరు ఎక్కించిన. గా చిరుతపులి బిళ్ళ సంగతి గూడ ఈడి క్యాంపు ఆఫీసుల చెప్పిన, ఆ క్యాంపోళ్ళకు ఫోన్ చేసి తీసేయమన్న. వాళ్ళు నవ్విండ్రు.

ఉద్యోగం చెయ్యనీ. గని మొదటి వారం ఎనుక నేను రికవరీ బండి ఏస్కొని వస్త. (రాడు. రానివ్వను. ముసలివాళ్ళు కిటికీలోంచి చూసి హడలిపోతారు.)

అయిపోయింది. చదివి వినిపించు. (వినిపించాను, బ్రాకెట్లు వదిలేసి. "గంతేనా? కాయితం నిండ ఉన్నది గద" అన్నాడు. తెలుగులో ఎక్కువ చోటు పడుతుందని చెప్పాను.)

సలాం.
ఇక్రాముద్దీన్

*

క్రోకడైల్ బ్రిడ్జ్ గేటు.
గురువారం, పన్నెండు గంటలు.

కరుణక్కా,

మేడమ్‌కు ఇంకా ఏమీ చెప్పకపోతే, చెప్పకు.

క్యాంపు నుంచి ఈ గేటు ముప్పై నాలుగు కిలోమీటర్లు. నేనే నడిపాను. ఎడమ సీటు దోహాలో ఆయన నడిపే వైపు. అక్కడ కూర్చుని, లేని బ్రేకు తొక్కుతూ మొదటి పది కిలోమీటర్లు కాలితో నేల అరగదీశాడు. "నిమ్మళం", "జర చూడు", "జిరాఫీ ఉన్నది" అన్నాడు. అది చెట్టు. తర్వాత మాటలు తగ్గాయి. అలిగాడనుకున్నాను. బ్రిడ్జి ఇంకా చాలా దూరం ఉందనగా తిరిగి చూస్తే, తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నాడు.

వేరేవాళ్ళు నడిపే బండిలో ఈయన కళ్ళు మూయడం నేనెన్నడూ చూడలేదు. కంపెనీ బస్సులో డ్రైవర్ మెడ వైపే చూస్తాడు. విమానంలో కూడా, పైలట్ ఎట్ల నడుపుతున్నడో అని మేలుకునే ఉంటాడు. నేను ముప్పైకి తగ్గించాను. గుంతలన్నీ తప్పించాను. అడవిదున్నలు యాభై దాకా రోడ్డు దాటాయి, ఇంజన్ ఆపేసి చూస్తూ కూర్చున్నాను, లేపలేదు. వెనక నుంచి పక్కకొచ్చిన ఒక కారాయన హారన్ కొట్టబోతే వేలు పెదాల మీద పెట్టి చూపించాను.

గేటు దగ్గర కారు ఆపాక, ఫోన్ ముందు అద్దానికి ఆనించి ఫొటో తీశాను, దీంతో పంపుతున్నాను. స్టీరింగ్ నా చేతుల్లో ఉంది. పక్క సీట్లో ఖతార్ రికవరీ డ్రైవర్, పంతొమ్మిదేళ్ళ అనుభవం, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. యాస్మీన్ మేడమ్‌కు ఇచ్చెయ్. ఇది చాలకపోతే ఆ ఉద్యోగం రెండో ఆమెకే ఇవ్వమను.

ఇప్పుడే గేటు కాపలా ఆమె కాగితాలు చూడటానికి వచ్చి, కిటికీలోంచి లోపలికి చూసి, మీ ఆయనకు ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

"బాగానే ఉన్నాడు. నేను నడుపుతున్నాను కదా, నిద్రపోయాడు" అని చెప్పాను.

ఖమర్